కళాసీ రాని రోజు

నలుగురు చెయ్యాల్సిన పని ఇద్దరు చేస్తే, మిగతా ఇద్దరి కూలీ ఎవరికి మిగులుతుందో చెప్పక్కర్లేదు. ఆ ఇద్దరూ లేకపోవడం వల్ల ఏటి మధ్యలో ఏదన్నా జరిగితే కేసు ఎవరి మీద పడుతుందో మాత్రం చాలామంది సరంగులు ఆలోచించరు. చుక్కాని పట్టుకున్నవాడి మీదే ముందు పడుతుంది. గోదావరి మీద లాంచీల్లోనూ, నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవుల్లో పంటుల మీదా, కృష్ణ మీద మాదిపాడు లాంటి చోట్ల బల్లకట్ల మీదా పనిచేసేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ఆ పనికి వెళ్దామనుకునే కుర్రాళ్లకీ పనికొస్తాయి. యజమానులు చదివినా నష్టం లేదు.

మనుషులు ఎందుకు దొరకడం లేదు

ఏ రేవులో అడిగినా, దాన్ని వేలంలో పాడుకున్న పాటదారు నోట మొదట వచ్చే మాట, "ఈకాలం కుర్రాళ్లకి ఒళ్లు వంగదండి" అని. నేనొప్పుకోను. అదే కుర్రాడు కువైట్ వెళ్లి మండే ఎండలో బండి నడుపుతున్నాడు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా మేలుకుని ఏరేటర్లు కాపలా కాస్తున్నాడు. వాడికి ఒళ్లు బాగానే వంగుతుంది. ఇక్కడ లెక్క కుదరడం లేదు, అంతే.

నది పని ఏడాది పొడుగునా ఉండదు. ఎర్రనీరు వచ్చిందంటే పాపికొండల విహారయాత్రల లాంచీలు కట్టేస్తారు. వరద తగ్గి, జనం మళ్లీ రావడం మొదలయ్యేసరికి దసరా దాటుతుంది. ఆ మూడు నాలుగు నెలలూ కళాసీకి కూర్చోబెట్టి జీతమిచ్చే యజమానులు తక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగాక ఆ విహారయాత్రలు ఆపేశారు. ఈలోగా కరోనా వచ్చిపడింది. 2021 నవంబరులో మళ్లీ మొదలయ్యేదాకా, రెండేళ్లకి పైగా, ఆ సరంగులూ కళాసీలూ గాలి భోంచెయ్యలేరు కదా. వేరే పనుల్లో కుదురుకున్నవాళ్లు అందరూ వెనక్కి రారు.

రేవుల సంగతి ఇంకా చిక్కు. పంటు రేవులూ బల్లకట్టు రేవులూ చాలాచోట్ల వేలం పాటలో ఇస్తారు. ఏడాదికి పాడుకున్నవాడు ముందు పాట సొమ్ము రాబట్టుకోవాలి. డీజిలు ధర తన చేతిలో లేదు, పాట తన చేతిలో లేదు. తగ్గించగలిగింది మనుషుల్నే. పైగా వచ్చే ఏడు రేవు తనకి వస్తుందో రాదో తెలియనివాడు ఒక కుర్రాణ్ణి మూడేళ్లు పక్కన నిలబెట్టుకుని నీటి పోకడ ఎందుకు నేర్పిస్తాడు? వంతెన మాట సరేసరి. 2002లో యానాం–ఎదుర్లంక మధ్య బాలయోగి వంతెన వచ్చాక అక్కడి రేవుకి పని లేకుండా పోయింది. అది చూసినవాడు, వంతెన పడుతుందని మాట వినపడ్డ ఏ రేవులోనూ కొడుకుని పనికి పెట్టడు. నన్నడిగితే కొరతకి అసలు వేరు కుర్రాళ్ల బద్ధకంలో లేదు, ఏడాదికే ఇచ్చే ఈ పాటలో ఉంది. పాట కనీసం మూడేళ్లకి ఇస్తూ, అందులో సిబ్బంది సంఖ్యని షరతుగా పెడితే సగం సమస్య తీరుతుంది. అది మన చేతిలో లేదు కాబట్టి, మన చేతిలో ఉన్నదేమిటో చూద్దాం.

ఒక మనిషి తక్కువైతే ఏం తగ్గుతుంది

లాంచీలో ఎవరి పని వాళ్లది. సరంగు చూపు నీటి మీద ఉండాలి. డ్రైవరు చెవి ఇంజను మీద ఉండాలి. జనం మీద కన్ను వేసి ఉంచేది కళాసీ ఒక్కడే. ఎక్కినవాళ్లని లెక్కపెట్టేది, లైఫ్ జాకెట్లు వేయించేది, ఫోటోల కోసం అందరూ ఒకే పక్కకి చేరితే అదిలించేది, పై అంతస్తులో గుంపు కూడకుండా చూసేది, మోకు విసిరేది, గడ వేసేది, అన్నీ అతనే. కళాసీ రాకపోతే యజమానికి కనపడేది మోకు విసిరేవాడు లేడన్నది ఒక్కటే. "మోకు నేను విసురుతాలే, పద" అని తనే ఎక్కేస్తాడు. మోకు ఎవరైనా విసురుతారు. జనాన్ని చూసే కన్ను పోయిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

2018 మే నెలలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఒక లాంచీ గాలివానకి ఒరిగి మునిగింది. వాన కొడుతోందని తలుపులు వేసుకుని లోపల కూర్చున్న గిరిజన ప్రయాణికులు చాలామంది బయటికి రాలేకపోయారు. దానికి సిబ్బంది కొరతే కారణమని నేననడం లేదు. కానీ గాలి తిరిగిన ఆ అయిదు నిమిషాల్లో తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉండడం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. సరంగు చుక్కాని వదిలి వెళ్లి తలుపు తియ్యలేడు.

పంటు మీద లెక్క వేరు. బళ్లు ఎక్కించేటప్పుడు బరువు రెండు పక్కలా సమంగా పడేలా నిలబెట్టించాలి. చక్రాల కింద దిమ్మలు పెట్టించాలి. కారులో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నవాళ్లని కిందికి దింపాలి. చెయ్యడానికి ఒక్కడే ఉంటే ఆ ఒక్కడూ డబ్బులు వసూలు చేస్తాడు, మిగతావి దేవుడికి వదిలేస్తాడు. వసూలు మాత్రం మానడు, సాయంత్రం లెక్క అడిగేది దాని గురించే కాబట్టి.

చట్టం ఎవరి వైపు చూస్తుంది

నదుల్లో ఇంజనుతో నడిచే పడవలకి 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. పడవకి రిజిస్ట్రేషను, సర్వే, బీమా ఉండాలి. నడిపేవాడికీ ఇంజను చూసేవాడికీ అర్హత సర్టిఫికెట్టు ఉండాలి. ఏ తరహా పడవకి కనీసం ఎంతమంది సిబ్బంది కావాలన్నది కూడా ఆ చట్టం కిందే నిర్ణయిస్తారు. అంటే "ఇద్దరితో కానిచ్చెయ్" అనడం యజమాని ఇష్టం కాదు. మీ లాంచీ సర్వే కాగితం ఒక్కసారి అడిగి చూడండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎంతమంది ప్రయాణికులు, ఏ సామగ్రి అన్నది అందులో ఉంటుంది. ఏళ్ల తరబడి నడుపుతూ ఆ కాగితం కళ్లతో చూడని సరంగులు ఉన్నారంటే ఆశ్చర్యపోకండి.

ఇక ప్రమాదం జరిగితే వచ్చేది భారతీయ న్యాయ సంహిత. అజాగ్రత్తగా పడవ నడిపితే 282వ సెక్షను, క్షేమం కాని పడవలో లేదా బరువు మించిన పడవలో కిరాయికి జనాన్ని తీసుకెళ్తే 284వ సెక్షను. ఈ రెండింటికీ ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షను కింద అయిదేళ్ల దాకా. యజమాని మీద కూడా కేసు పెడతారు, అరెస్టులు కూడా అవుతాయి. కాకపోతే లాంచీలో ఉన్నది మీరు. "ఆయన పొమ్మన్నాడు, నేను నడిపాను" అని మీరంటారు. ఆయన పొమ్మన్నాడని చూపించడానికి మీ దగ్గర ఏముంది?

కొరియాలో 2014 ఏప్రిల్ 16న సెవోల్ అనే ఫెర్రీ మునిగి 304 మంది పోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. మోతాదు మించిన సరుకు ఎక్కించి సరిగ్గా కట్టలేదని విచారణలో తేలింది. ఆ రోజు నడిపింది అసలు కెప్టెను బదులు వచ్చిన కాంట్రాక్టు మనిషి, వయసు 69. జనాన్ని లోపలే ఉంచి తను ముందు బయటపడ్డాడు, దానికి సమర్థన లేదు. అతనికి యావజ్జీవం పడింది. సరుకు మీద లాభం తిన్న కంపెనీ అధిపతికి చివరికి ఏడేళ్లు. ఈ రెండు శిక్షల తేడా ప్రతి సరంగూ గుర్తుంచుకోవాలి.

ఇంకో రకంగా నడిచే చోట్లూ ఉన్నాయి. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లు వారాంతాల్లో ఎక్కే ఫెర్రీలు ఆ రాష్ట్ర ప్రభుత్వానివి. ఏ ఓడకి ఎంతమంది సిబ్బంది ఉండాలో కోస్టుగార్డు కాగితం మీద రాసి ఇస్తుంది. ఆ సంఖ్యలో ఒక్కరు తక్కువైనా ఓడ కదలదు. 2021లో మనుషులు చాలక అక్కడ ట్రిప్పుల మీద ట్రిప్పులు రద్దయ్యాయి, జనం గంటలకి గంటలు క్యూలో నిలబడి తిట్టుకున్నారు. తిట్టుకున్నారు గానీ మునగలేదు. మన దగ్గర కొరత ఎప్పుడూ రద్దయిన ట్రిప్పుల్లో కనపడదు. ట్రిప్పులన్నీ తిరుగుతూనే ఉంటాయి, అందుకే కొరత ఉందని పై అధికారులకి తెలియనే తెలియదు. మీరు కష్టపడి సర్దుకుపోయిన ప్రతి రోజూ వాళ్ల లెక్కలో "అంతా సవ్యంగా ఉంది" అని పడుతోంది.

మోకు విప్పే ముందు ఒక మెసేజి

అందుకని నా మొదటి సలహా ఇది: మనిషి తక్కువైన రోజున, జనం ఎక్కకముందే, యజమానికి గానీ మేనేజరుకి గానీ వాట్సాప్‌లో రాత పూర్వకంగా చెప్పండి. ఫోను చేసి చెప్తే గాలిలో పోతుంది. కోపంగా రాయొద్దు, నింద వెయ్యొద్దు, విషయం మాత్రం రాయండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండి. ఈ రోజు ఉదయం 8 గంటల ట్రిప్పుకి కళాసీలు ఇద్దరు ఉండాలి, ఒక్కరే వచ్చారు. జనం 60 మంది దాకా ఉన్నారు. గాలి పడమర నుంచి గట్టిగా ఉంది. ఇంకో మనిషిని పంపండి. పంపేదాకా పై అంతస్తు మూసేసి, 30 మందితోనే నడుపుతాను."

చదువు రాకపోతే వాయిస్ మెసేజి పంపండి, అదీ సాక్ష్యమే. అదే మెసేజి ఇంట్లోవాళ్ల ఫోనుకి కూడా పంపండి. మీ ఫోను గోదాట్లో పడితే సాక్ష్యమూ దానితోపాటే పోతుంది. దీనికి తోడు ఒక నోటుపుస్తకం ఇంటి దగ్గర పెట్టుకుని రోజూ రాత్రి రెండు లైన్లు రాయండి. ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు, ఎన్నింటికి దిగారు, సిబ్బంది ఎంతమంది, జనం ఎంతమంది, వరద ఎంత ఉంది. కోర్టు కోసమే కాదు, ఈ పుస్తకం తర్వాత ఓవర్‌టైము లెక్కకీ పనికొస్తుంది.

ఆ మెసేజిలో ఒక కిటుకు ఉంది, గమనించారా? "రాను" అనలేదు. "ఇలా అయితే నడుపుతాను" అన్నారు. యజమానికి "రాను" అన్న మాట మొండితనంలా వినపడుతుంది, "ఇలా అయితే వస్తాను" అన్నది లెక్కలా వినపడుతుంది. జనం తగ్గించొచ్చు, పై అంతస్తు మూయొచ్చు, గాలి తగ్గేదాకా గంట ఆగొచ్చు, బళ్లు లేకుండా జనాన్ని మాత్రం దాటించొచ్చు. వీటిలో దేనికీ ఒప్పుకోకపోతేనే నడపనని చెప్పండి. మాట ఇలా నడుస్తుంది:

"ఒక్క ట్రిప్పేరా, జనం ఎక్కేశారు."

"ఆయ్, చూశానండి. మనిషి ఒక్కడే ఉన్నాడండి. సగం మందిని దింపితే ఇప్పుడే తీసేస్తానండి. మిగతావాళ్లకి వచ్చే లాంచీ ఉంది కదండి."

"వచ్చే లాంచీ మనది కాదు కదా!"

"తెలుసండి. మునిగితే ఇది మనదేనండి."

ఆఖరి మాట అనలేకపోతే మానెయ్యండి, పై మాటలు చాలు. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో కొత్త వృత్తి భద్రతా కోడ్ కింద, ప్రాణాపాయం ఉందని కార్మికుడికి సహేతుకంగా అనిపిస్తే యజమానికీ, ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకీ తెలియజేసే హక్కు ఉంది. యజమాని వెంటనే దిద్దుకోవాలి. చిన్న లాంచీల వాళ్లకి ఆ సంఖ్య రాదు. అయినా మెసేజి విలువ మెసేజిదే.

ఒక్కరు కాదన్నప్పుడు పక్క లాంచీ సరంగు "నేను తీసుకెళ్తా" అంటే అన్నీ వృథా. ఒక రేవులో ఉండేది పదిమంది సరంగులేగా. కూర్చుని ఒక మాట అనుకోండి: ఇంతకన్నా తక్కువ మనుషులతో ఎవరం తియ్యం అని. రాసుకోవడానికి యూనియనే కావాలని లేదు. కావాలంటే ఏడుగురు కలిసి రిజిస్ట్రేషనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ధవళేశ్వరం అంకె చాలదు

వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. ఇవి ఊళ్ల కోసం పెట్టిన అంకెలు, లంక గ్రామాలు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో చెప్పేవి. లాంచీ ఎప్పుడు కట్టెయ్యాలో చెప్పేవి కావు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక నాటికి దాదాపు 10 లక్షల క్యూసెక్కులు పోతుంటాయి. కచ్చులూరు ప్రమాదం రోజున గోదావరిలో పోతున్నది 5 లక్షల పైచిలుకే. అంటే మొదటి హెచ్చరికలో సగం. కొండల మధ్య నది ఇరుకై మలుపు తిరిగే చోట ఆ సగం నీరే చాలింది. డెబ్భై మందికి పైగా ఎక్కిన లాంచీలో 26 మందే బతికారు.

కాబట్టి "ఇంకా మొదటి హెచ్చరిక కూడా రాలేదుగా" అని ఎవరన్నా అంటే అది సమాధానం కాదు. ఆ ప్రమాదం తర్వాత 2020లో ఆంధ్రప్రదేశ్‌లో బోట్ల కోసం కంట్రోల్ రూములు పెట్టారు. మీ దారిలో ఉన్న కంట్రోల్ రూము నంబరు ఫోన్లో ఉంచుకోండి. బయలుదేరే ముందు వాళ్లకి జనం సంఖ్యా, సిబ్బంది సంఖ్యా రెండూ చెప్పండి. జనం సంఖ్య వాళ్లే అడుగుతారు. సిబ్బంది సంఖ్య అడక్కపోయినా మీరే చెప్పి రాయించండి. ఇంకో మాట: దారి తెలియని సరంగుని ఆ రోజు దొరికాడని కొత్త దారిలో పంపడం కూడా మనిషి లేకపోవడం కిందే లెక్క. మీరు ధవళేశ్వరం దిగువన పాతికేళ్లు నడిపి ఉండొచ్చు. పాపికొండల మలుపుల్లో మీరు కొత్తవాళ్లే. మొదట పది ట్రిప్పులు పాత సరంగు పక్కన నిలబడి వెళ్లనిస్తేనే ఒప్పుకోండి.

నిద్ర

దీని గురించి ఎవరూ మాట్లాడరు. సీజన్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, డీజిలు పోసి, ఎనిమిదింటికి తీసి, సాయంత్రం ఆరింటికి దిగి, లాంచీ కడిగి, రాత్రి పదింటికి పడుకునేవాళ్లు ఉన్నారు. రాత్రి కాపలాకి లాంచీలోనే పడుకోబెట్టే అలవాటు కూడా ఉంది. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చేతులూ చూపూ, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషివాటిలా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. మన రోడ్ల మీద 0.03 దాటితే తాగి నడిపినట్టే. అంటే నాలుగింటికి లేచిన సరంగు, చుక్క ముట్టకపోయినా, రాత్రి తొమ్మిదయ్యేసరికి తాగినవాడితో సమానం కావచ్చు.

సముద్రపు ఓడల్లో పనిచేసేవాళ్లకి అంతర్జాతీయ నియమం ఒకటుంది: ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి, వారంలో 77 గంటలు. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకి మించి చెయ్యకూడదు, అందులో ఒక ముక్క ఆరు గంటలకి తగ్గకూడదు. అది నది లాంచీలకి వర్తించదు. యజమానితో మాట్లాడేటప్పుడు కొలతగా మాత్రం పనికొస్తుంది. "పది గంటలు ఇవ్వలేరు, ఎనిమిదైనా ఇవ్వండి, అందులో ఆరు ఇంటి దగ్గర" అని అడగండి. కాపలా పడుకోవడం విశ్రాంతి కాదు, డ్యూటీ. నోటుపుస్తకంలో డ్యూటీగానే రాయండి.

కాగితం, జీతం

సర్టిఫికెట్టు లేకుండా నడుపుతున్నవాళ్లు ఇప్పుడే దాని సంగతి చూసుకోవాలి. పని బాగా వచ్చు అన్నది రేవులో చెల్లుతుంది, ప్రమాదం జరిగాక చెల్లదు. మన రాష్ట్రంలో బోట్ల తనిఖీ, లైసెన్సుల పని పోర్టు అధికారులు చూస్తున్నారు. అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే దారి ఏదన్నా ఉందేమో వాళ్లనే అడగండి. పాట్నాలో కేంద్ర ప్రభుత్వపు జాతీయ అంతర్దేశీయ నౌకాయాన సంస్థ ఉంది, సరంగులకీ ఇంజను డ్రైవర్లకీ శిక్షణ ఇస్తుంది. కుర్రాళ్లయితే అటు చూడండి. సర్టిఫికెట్టు చేతిలో ఉంటే కేరళలో గానీ, అస్సాంలో బ్రహ్మపుత్ర మీద గానీ పని అడగొచ్చు. కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖ పడవల్లో మాస్టరు, సరంగు, డ్రైవరు, ఇద్దరు లస్కర్లు అని మనుషుల్ని విడివిడిగా పెడతారు. అక్కడ ఆ సంఖ్య చూసినవాడు మన దగ్గర ఇద్దరితో నడపడం మామూలే అనుకోడు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ చిన్నా పెద్దా సంస్థలన్నిటికీ వర్తిస్తుంది. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. మామూలు పని గంటలకి మించి చేయిస్తే ఆ గంటలకి రెట్టింపు జీతం. "లేని కళాసీ పని కూడా నువ్వే చూసుకో, పండక్కి ఏదో చూస్తాలే" అన్నది ఓవర్‌టైము కాదు. పది మంది, ఆపైన పనిచేసేచోట నెలకి 21,000 లోపు జీతగాళ్లకి ఈఎస్ఐ, ఇరవై మంది ఉన్నచోట పీఎఫ్ రావాలి. ఒకే యజమాని మూడు లాంచీలని మూడు పేర్ల మీద పెట్టి ఆరుగురేసి చూపిస్తుంటే అది కార్మిక శాఖకి చెప్పాల్సిన విషయం.

జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వెయ్యమని పట్టుబట్టండి. దీనికి ఒక లెక్క చెప్తాను. పది మందికి మించి ఎక్కగల ఫెర్రీ పడవ నడపడంలో ఉన్నవాళ్లు సామాజిక భద్రత కోడ్‌లోని ప్రమాద పరిహారం జాబితాలో పేరుతో సహా ఉన్నారు. పనిలో చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఒక అంకెతో గుణిస్తారు. 30 ఏళ్లకి ఆ అంకె 207.98. జీతం 12,000 అని రుజువైతే కుటుంబానికి వచ్చేది 12,47,880 రూపాయలు. అదే యజమాని "ఆరు వేలే ఇచ్చేవాణ్ణి" అని, కాదనడానికి మీ భార్య దగ్గర కాగితం లేకపోతే, 6,23,940. బ్యాంకు పాసుపుస్తకంలో ఒక లైనుకి ఉన్న విలువ అది. నగదుగానే ఇస్తానంటే, ఇచ్చిన రోజునే "జీతం 12,000 అందిందండి" అని మెసేజి పెట్టండి. ఆయన "సరే" అని బొటనవేలి బొమ్మ పెట్టినా చాలు.

కొత్తగా చేరే కుర్రాడు యజమానిని అడగాల్సినవి కూడా ఇవే. సీజను కాని నెలల్లో ఏమిస్తారు? లాంచీ బీమాలో సిబ్బంది ఉన్నారా, పాలసీ కాగితం చూపిస్తారా? ఎంతమంది ఉంటే తీస్తారు, ఎంతమంది ఉంటే తియ్యరు? మూడో ప్రశ్నకి "పరిస్థితిని బట్టి" అని జవాబొస్తే ఆ పనిలో చేరొద్దు. చెరువు గట్టు మీద పనైనా నయం.

యజమాని ఇచ్చే బీమా ఎలా ఉన్నా, మీ సొంతది ఒకటి ఉండాలి. అసంఘటిత కార్మికులుగా ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోండి, 16 నుంచి 59 ఏళ్ల వాళ్లకి ఉచితం, హెల్ప్‌లైను 14434. మీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం నింపండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, వయసు 18 నుంచి 70. యాభై లోపు వాళ్లు 436 రూపాయలతో జీవన్ జ్యోతి కూడా తీసుకోవచ్చు, అది ఏ కారణంతో పోయినా 2 లక్షలు. నామినీ పేరు సరిగ్గా రాయించండి, ఇంట్లో ఆ కాగితం ఎక్కడుందో చెప్పండి. ఈ రెండు బీమాలూ జూన్ 1 నుంచి మే 31 దాకా. ప్రీమియం మే నెలాఖర్లో ఖాతా నుంచి దానంతటదే పోతుంది, ఆ వేళకి డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. సరిగ్గా ఎర్రనీరు వచ్చే ముందు. మే 25 నాటికి ఖాతాలో 500 రూపాయలు ఉండేలా చూసుకోండి.